పికడిల్లీ కిటికీలో తాళం

కిందటి ఏడు నేను లండను నగరంలో ఉంటున్న మా అమ్మాయి ఇంటికి వెళ్ళాను. వెళ్ళిన మూడోరోజునే నాకు ఒక తగవు తీర్చవలసిన పని పడింది.

ఆ మధ్యాహ్నం నేను భోజనం చేసి కునుకు తీస్తున్నాను. లేచి చూసేసరికి నా పెట్టెకు వేసిన చిన్న తాళం కప్ప తీసి బల్లమీద పెట్టి ఉన్నది. పక్కనే వంచిన కాగితపు క్లిప్పులు రెండున్నాయి. పెట్టెలో ఒక్క వస్తువైనా కదలలేదు. మా మనవడు గుమ్మం దగ్గర నిలబడి, "నేనే తీశాను తాతయ్యా! పది నిమిషాలు పట్టింది," అన్నాడు. వాడి మొహం వెలిగిపోతున్నది.

వాడి వెనకే మా అమ్మాయి వచ్చింది. ఆమె మొహం మాత్రం ఎర్రగా ఉన్నది.

"చూశారా నాన్నగారూ, వీడి పని! దొంగలాగా తాతగారి పెట్టె తీస్తాడా? పుట్టినరోజుకు మీరిచ్చిన డబ్బుతో తాళాలు తీసే పనిముట్లు కొంటాట్ట! ముప్ఫై రెండు ముక్కల పెట్టెట! మీరు ఇన్నేళ్ళు హెడ్మాస్టరుగా చేశారు. ఏం చెయ్యాలో మీరే చెప్పండి," అన్నది.

"దొంగ" అనేమాట వినగానే నా గుండెలో ముల్లు గుచ్చుకున్నట్టయింది. ఎందుకో తరవాత చెబుతాను.

"ఒక్కరోజు గడువియ్యమ్మా. రేపు వీణ్ణి వెంటబెట్టుకుని ఊళ్ళోకి వెళ్ళొస్తాను. వచ్చాక తీర్పు చెబుతాను," అన్నాను.

మర్నాడు ఇద్దరమూ భూగర్భ రైలెక్కి గ్రీన్ పార్కు స్టేషనులో దిగాము. మెట్లెక్కి పైకి వస్తే పికడిల్లీ వీధి. పడమరగా నడుస్తుంటే కుడిచేతి పక్కన పెద్ద పెద్ద రాతి మేడలు, ఎడమచేతి పక్కన పార్కు. ఎర్రని రెండంతస్తుల బస్సులు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. మేము మేడల పక్కకు దాటి, ఇంటి నంబర్లు చూసుకుంటూ నడిచాము. నూట ఇరవై దాటాక ఆగాను.

"ఈ పక్కనే, 124వ నంబరు ఇంట్లో ఒకప్పుడు బ్రామా అనే ఆయన దుకాణం ఉండేదిరా," అన్నాను.

ఆ దుకాణం ఇప్పుడు అక్కడ లేదు. కాని దాని కథ వినదగినది. జోసెఫ్ బ్రామా గొప్ప పనివాడు. 1784లో ఆయన ఒక కొత్తరకం తాళానికి పేటెంటు పొందాడు. దాని చెవికి పళ్ళుండవు. సన్నని గొట్టంలాగా ఉంటుంది. గొట్టం చివర లోతులు వేరు వేరుగా గాళ్ళు కోసి ఉంటాయి. దాన్ని లోపలికి నొక్కితే, తాళంలోని రేకులు ఒక్కొక్కటీ తనకు తగినంత లోతుకే జరుగుతుంది. అన్నీ సరిగ్గా జరిగితేనే తాళం తిరుగుతుంది.

బ్రామా కొట్టువారు అలాటి తాళం ఒకటి పద్ధెనిమిది రేకులతో చేసి దుకాణం కిటికీలో ఉంచారు. చెవి లేకుండా దీన్ని తీయగల పనిముట్టు చేసినవారికి అక్కడికక్కడే 200 గినీలు ఇస్తామని దానిమీద రాయించారు. గినీ అంటే ఒక పౌను, పైన ఒక షిల్లింగు. పౌనుకు ఇరవై షిల్లింగులు కనక 200 గినీలంటే 210 పౌన్లు. ఆ రోజుల్లో అది చాలా పెద్ద సొమ్ము.

"ఎవరైనా తీశారా తాతయ్యా?" అన్నాడు మనవడు.

"దశాబ్దాలు గడిచినా ఎవరివల్లా కాలేదు. 1814లో బ్రామా కూడా చనిపోయాడు. తాళం మాత్రం కిటికీలోనే ఉన్నది. తరవాతి కథ ఇక్కడ కాదు, ఆ పార్కులో చెబుతాను, పద," అన్నాను.

పికడిల్లీ చివరిదాకా నడిస్తే హైడ్ పార్కు వస్తుంది. దాని దక్షిణపు అంచున గుర్రాలు నడిచే మట్టిబాట ఒకటున్నది. ఆ బాట వెంబడి కొంతదూరం వెళితే విశాలమైన పచ్చికబయలు కనిపిస్తుంది. ఇప్పుడక్కడ పిల్లలు బంతులాడుకుంటారు. 1851లో ఆ చోట దాదాపు 1,850 అడుగుల పొడవున గాజు మహలు ఒకటి లేచింది. ఇనప చట్రంతో, సుమారు మూడు లక్షల గాజు పలకలతో కట్టారు దాన్ని. అందులో ప్రపంచంలోని వింతలన్నీ పెట్టి గొప్ప ప్రదర్శన జరిపారు. అయిదున్నర నెలలలోపుగా అరవై లక్షలమంది వచ్చి చూశారట! తరవాత ఆ మహలును విప్పి సిడెన్‌హాం అనే చోటికి తరలించారు. 1936లో అది కాలిపోయింది.

ఆ ప్రదర్శనలో జనం ఎగబడి చూసిన వస్తువు ఏమిటో తెలుసా? మన కోహినూరు వజ్రం! కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిందని చెబుతారే, అదే. ఆ కొల్లూరు గనులు ఇప్పుడు పులిచింతల జలాశయం నీళ్ళకింద ఉన్నాయి. ప్రదర్శనలో ఆ వజ్రానికి కాపలాగా ఒక ఇనప పంజరం చేయించారు. చేసినవారు ఛబ్ అనే తాళాల కంపెనీవారు.

ఈ ఛబ్ తాళం కూడా తక్కువది కాదు. 1818లో జెరిమయా ఛబ్ దానికి పేటెంటు పొందాడు. చెవి కానిదేదైనా లోపల పెట్టి ఒక్క లివరును మితిమించి ఎత్తామా, ఒక కొక్కెం పడి తాళం బిగుసుకుపోతుంది. ఆ తరవాత అసలు చెవి పెట్టినా వెంటనే తిరగదు. "నా తాళంమీద ఎవరో చెయ్యి వేశారు" అని యజమానికి తెలిసిపోతుంది. చెవిని ఒకసారి ఎదురుగా తిప్పితే మళ్ళీ మామూలుగా పనిచేస్తుంది.

ఆ ఏడు ప్రదర్శనకు అమెరికానుంచి ఆల్‌ఫ్రెడ్ చార్లెస్ హాబ్స్ అనే తాళాల పనివాడు వచ్చాడు. తన కంపెనీ తాళం గొప్పదని చూపటానికి వచ్చినవాడు, ఇంగ్లండు తాళాలను తీసి చూపిస్తానన్నాడు. జులై 22న ఒక ఇంట్లో, పెద్దమనుషులు చూస్తుండగా, ఛబ్ తాళాన్ని ఇరవై అయిదు నిమిషాల్లో తీశాడు! తరవాత ఏడు నిమిషాల్లో తిరిగి వేశాడు కూడా.

ఆపైన పికడిల్లీ కిటికీలోని తాళం వంతు వచ్చింది. ముగ్గురు మధ్యవర్తులను నియమించారు. ముప్ఫై రోజుల గడువిచ్చారు. తాళాన్ని చెక్కలో బిగించి, చెవి పెట్టే రంధ్రం మాత్రమే కనిపించేలాగ ఉంచారు. హాబ్స్ పదహారు రోజులు, మొత్తం యాభై ఒక్క గంటలు, ఆ చిన్న రంధ్రం ముందు కూచున్నాడు. లెక్కవేసి చూడండి, రోజుకు మూడు గంటల పైచిలుకు. ఆఖరుకు తాళం వచ్చింది! మధ్యవర్తుల ఎదట తీసి, వేసి చూపించాడు. తరవాత అసలు చెవి పెట్టి తిప్పి చూశారు. తాళం చక్కగా పనిచేసింది. ఎక్కడా విరగలేదు, చెడలేదు. 200 గినీలు అతనికి ఇవ్వవలసిందే అని మధ్యవర్తులు తీర్పు చెప్పారు.

మేమిద్దరం పచ్చిక పక్కన బల్లమీద కూచున్నాము. మా అమ్మాయి కట్టి ఇచ్చిన పులిహోర తింటూ మనవడు చాలాసేపు ఆలోచించాడు.

"హాబ్స్ తాళాలు తీస్తే గినీలిచ్చారు. నేను తీస్తే అమ్మ దొంగ అన్నది. ఎందుకు తాతయ్యా?" అన్నాడు.

అప్పుడు వాడికి నేను ఎవరికీ చెప్పని సంగతి చెప్పాను. మీకూ చెబుతాను.

1998లో నేనొక పల్లెటూరి బడిలో హెడ్మాస్టరుగా ఉన్నాను. సైన్సు గదిలో ఒక బీరువా ఉండేది. అందులో మైక్రోస్కోపు ఉండేది. అది పాడవుతుందని, ఎప్పుడూ తాళం వేసి ఉంచేవాళ్ళం. ఒకరోజు సాయంత్రం నేను వెళ్ళేసరికి బీరువా తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు సైకిలు పుల్లను వంచి తాళం తీసి, మైక్రోస్కోపు కిటికీ దగ్గర పెట్టుకుని, ఉల్లిపొర చూస్తున్నాడు. "ఎంత బాగున్నదో చూడండి మాస్టారూ!" అన్నాడు నన్ను చూసి.

నేను చూడలేదు. మర్నాడు ప్రార్థన వేళ అందరి ముందూ వాణ్ణి నిలబెట్టి, "వీడు దొంగ," అన్నాను. వారం తిరక్కుండానే వాళ్ళ నాన్న వాణ్ణి బడి మాన్పించి ఎక్కడికో తీసుకుపోయాడు. మళ్ళీ నేను వాణ్ణి చూడలేదు.

"వాడు తప్పు చెయ్యలేదా తాతయ్యా?"

"చేశాడు. అడగకుండా తీశాడు. అది తప్పే. కాని అది దొంగతనం కాదు. తప్పుకు తగిన మందలింపు చేసి, ఆ పైన నేనూ వాడి పక్కన కూచుని ఉల్లిపొర చూసి ఉండవలసింది. హాబ్స్‌కూ నీకూ ఉన్న తేడా కూడా అదేరా. అతను ముందు అడిగాడు. యజమాని సరేనన్నాడు. సాక్షులున్నారు. తాళం చెడలేదని చూపించాడు. అన్నిటికంటే ముందు అతను తెరిచింది తాళాన్ని కాదు, అనుమతిని."

వాడు తల వంచుకుని, "నిన్న మిమ్మల్ని అడగలేదు. తప్పే తాతయ్యా," అన్నాడు.

అక్కడినుంచి లేచి ఎగ్జిబిషన్ రోడ్డు మీదుగా సైన్సు మ్యూజియానికి నడిచాము. ఆ 1851 ప్రదర్శన పేరే ఆ రోడ్డుకు పెట్టారు. ప్రదర్శనలో మిగిలిన లాభంతోనే అక్కడి నేల కొన్నారు. ఇప్పుడక్కడ పెద్ద పెద్ద మ్యూజియాలు ఉన్నాయి. మ్యూజియంలోకి పోవటానికి టిక్కెట్టు డబ్బు అక్కర్లేదు. పికడిల్లీ కిటికీలోని ఆ తాళం ఇప్పుడు ఈ మ్యూజియం వారిదే. దాన్ని పరీక్షించి చూస్తే ఒక చిత్రం బయటపడింది. హాబ్స్ తీసిన తరవాత దాన్ని విప్పి మార్చి కట్టారు! మొదట పద్ధెనిమిది ఇనప రేకులకూ కలిపి ఒక్కటే స్ప్రింగు ఉండేది. ఇప్పుడు పదమూడు ఉక్కు రేకులున్నాయి, ఒక్కొక్కదానికి ఒక్కొక్క స్ప్రింగున్నది. చూశారా? ఓడిపోయిన తాళాన్ని పారెయ్యలేదు. ఎందుకు ఓడిందో తెలుసుకుని బాగుచేశారు. తాళాలు తీయటం నేర్చుకునేవారివల్ల లోకానికి కలిగే మేలు ఇదే.

ఇలాటి సంగతులు బయటికి చెబితే దొంగలకు నేర్పినట్టు కాదా అని మీ అమ్మానాన్నలు అడగవచ్చు. ఆ రోజుల్లోనూ చాలామంది అడిగారు. 1853లో తాళాలమీద వచ్చిన ఒక పుస్తకంలో దీనికి జవాబు ఉన్నది: దొంగలకు వాళ్ళ విద్య ముందే తెలుసు, తెలియనిది తాళాలు కొనే మంచివాళ్ళకే అని.

సాయంత్రం ఇల్లు చేరాక మా అమ్మాయికి తీర్పు చెప్పాను. "పనిముట్లు కొందాం. కాని ముప్ఫై రెండు కాదు, అయిదు."

మనవడి మొహం చిన్నబోయింది. వాడికి కాగితంమీద బొమ్మ గీసి చూపించాను. రంపపు పళ్ళలాటి అంచు ఉన్న చెవితో తీసే తాళాలున్నాయి గదా, వాటి పని ఇది. లోపల ఒక సిలిండరు ఉంటుంది. దానిపైన వరసగా అయిదో ఆరో రంధ్రాలు. ప్రతి రంధ్రంలోను రెండు ముక్కలుగా ఉన్న ఒక చిన్న మేకు, దానిమీద ఒక స్ప్రింగు. మేకులు సిలిండరుకూ బయటి దిమ్మకూ అడ్డంగా నిలిచి, తిరగనివ్వవు. సరైన చెవి పెడితే దాని పళ్ళు ప్రతి మేకునూ కావలసినంతే ఎత్తుతయి. రెండు ముక్కల మధ్యనున్న అతుకులన్నీ ఒకే గీత మీదికి వస్తయి. సిలిండరు తిరుగుతుంది. నాలుగువేల ఏళ్ళ కిందట ఈజిప్టులో కొయ్యతో ఇలాటి తాళాలే చేసేవారు. 1860 ప్రాంతాల్లో అమెరికాలో లైనస్ యేల్ అనే ఆయన దాన్ని జేబులో పట్టే చెవితో తీసే తాళంగా మలిచాడు.

రంధ్రాలన్నీ వెంట్రుకవాసి తేడా లేకుండా తొలచటం ఎంతటి పనివాడికీ సాధ్యం కాదు. అందువల్ల సిలిండరును మెల్లిగా తిప్పి పట్టుకుంటే, మేకులన్నీ ఒక్కసారిగా కాక, ఒకటి ముందుగా బిగుస్తుంది. దాన్ని ఎత్తితే చిన్నగా "టిక్" మంటుంది. అప్పుడు ఇంకొకటి బిగుస్తుంది. ఇలా ఒక్కొక్కదాన్నీ ఎత్తుకుంటూ పోవాలి.

"ఇందుకు ఎన్ని చేతులు కావాలిరా?" అన్నాను.

"రెండు. ఒకటి తిప్పటానికి, ఒకటి ఎత్తటానికి."

"అంతే. అందుకని తిప్పే కమ్మీలు రెండు చాలు, ఒకటి సన్నంది, ఒకటి వెడల్పుది. ఎత్తటానికి పొట్టి కొక్కెం ఒకటి, కొంచెం పొడుగు కొక్కెం ఒకటి. గబగబా రుద్ది చూడటానికి అలలలాటి అంచున్న కమ్మీ ఒకటి. మొత్తం అయిదు. ముప్ఫై రెండు ఉంటే తాళం రానప్పుడల్లా తప్పు పనిముట్టుదనుకుని ఇంకొకటి తీస్తావు. అయిదే ఉంటే తప్పు చేతిదని తెలుసుకుంటావు."

కొనేటప్పుడు మరికొన్ని సంగతులు చూశాము. కమ్మీ మెత్తని ఇనుముదైతే వంగి ఊరుకుంటుంది, అందుకని మంచి ఉక్కుదై ఉండాలి. మందం అర మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూ ఉంటే చాలు. మరీ మందమైతే సందులో కదలదు, మరీ పలచనైతే విరుగుతుంది. అంచులు గరుకుగా ఉంటే మేకులను గీరుతయి. వేలితో తడిమి చూసి, గరుకుగా ఉన్నచోట సన్నని ఉప్పుకాగితంతో రుద్దుకోవాలి. పిడి చేతికి నొప్పి కలిగించకూడదు.

తాళం మాటో? లోపలంతా కనిపించే గాజులాటి ప్లాస్టిక్కు తాళాలు అమ్ముతారు. మేకులు ఎలా కదులుతాయో చూసుకోటానికి అవి మంచివి. కాని కంటితో చూసి తీయటం అలవాటైతే వేళ్ళకు తెలివి రాదు. అందుకని వారం రోజుల తరవాత దాన్ని పక్కన పెట్టి, చవకరకం ఇత్తడి తాళం కొత్తది కొన్నాము. మన ఇళ్ళలో తాళం కప్పలమీద "6 లివర్లు", "7 లివర్లు" అని చెక్కి ఉంటుంది, చూశారా? వాటి లోపలి ఏర్పాటు వేరు. ఈ పనిముట్లు వాటికి పనికిరావు.

ఇక షరతులు. జర్మనీలో 1997లోనే ఈ వినోదానికి ఒక సంఘం పెట్టారు. నెదర్లాండ్సులోనూ ఉన్నది. చదరంగం పోటీల్లాగా తాళాలు తీసే పోటీలు జరుగుతయి. ఆ ఆటగాళ్ళందరూ పాటించే నియమాలు రెండు. నీది కాని తాళం, యజమాని అనుమతి లేకుండా ముట్టరాదు. నీదే అయినా, వాడుకలో ఉన్న తాళాన్ని ముట్టరాదు. కమ్మీ విరిగి లోపల చిక్కుకుంటే ఇంట్లోవాళ్ళు వీధిలో నిలబడవలసి వస్తుంది మరి! మేము మూడోది కూడా చేర్చాము: పనిముట్లు ఇల్లు దాటి పోకూడదు, అమ్మకు తెలియకుండా బయటికి తీయకూడదు. ఇంగ్లండులో 1968 నాటి చట్టం ప్రకారం, దొంగతనానికి వాడే ఉద్దేశంతో ఇలాటివి బయట దగ్గర పెట్టుకు తిరిగితే నేరం. ఒక్కొక్క దేశంలో ఒక్కొక్క చట్టం. కనక పిల్లలూ, మీ పెద్దవాళ్ళను అడగకుండా ఇందులో దిగకండి.

మొదటి నాలుగురోజులూ ఇత్తడి తాళం రాలేదు. మనవడు బలమంతా పెట్టి కమ్మీని నొక్కుతున్నాడు. "ఈగ వాలినంత బరువు చాలురా," అన్నాను. అయిదోరోజు రాత్రి భోజనాల వేళ "టక్" మని చప్పుడైంది. వాడు కేక వెయ్యలేదు. తాళం కప్పను రెండు చేతులా పట్టుకుని వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళాడు.

"అమ్మా, ఒకసారి చెవి పెట్టి చూడవూ? చెడలేదు కదా?" అన్నాడు.

మా అమ్మాయి చెవి పెట్టి తిప్పింది. తాళం చక్కగా పడింది. "చెడలేదు నాన్నా," అని వాడి తల నిమిరింది. తరవాత, "ఆ కమ్మీ ఏదీ, ఇలా ఇయ్యి, నేనూ చూస్తాను," అన్నది.

నేను తిరిగి వచ్చేరోజున మనవడు నా పెట్టెకు తాళం వేసి, చెవి నా చేతిలో పెట్టాడు. "తాతయ్యా, ఆ ఎనిమిదో తరగతి అబ్బాయికి మీరు ఉత్తరం రాయకూడదా?" అన్నాడు.

"ఎక్కడున్నాడో తెలియదురా," అన్నాను.

విమానంలో అదే ఆలోచించాను. వాడికిప్పుడు నలభై ఏళ్ళుంటాయి. వాడి పిల్లలు బళ్ళో చదువుతూ ఉంటారు. ఈ పత్రిక వాళ్ళింటికి వస్తుందేమో! నాయనా, నువ్వు ఇది చూస్తే, ఆనాడు నేనన్న మాట తప్పు. నువ్వు దొంగవు కావు. ఆ ఉల్లిపొర నేనూ చూసి ఉండవలసింది.